‘అమ్మీ, మనం ఎవరం?’ – పసివాళ్ళ ప్రశ్నకు మన జవాబు

బడిలో చేరిన మొదటి ఏడాదిలోనే పిల్లలు ఇంటికి కొన్ని ప్రశ్నలు మోసుకొస్తారు. ‘మనం ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఎందుకు మాట్లాడతాం?’ ‘నా స్నేహితుడి అమ్మ బొట్టు పెట్టుకుంటుంది, నువ్వెందుకు పెట్టుకోవు?’ ‘దీపావళి సెలవు ఎప్పుడో కేలండర్‌లో ముందే ఉంటుంది. మన ఈద్ సంగతి రాత్రి చంద్రుడు కనపడితేగాని తెలియదెందుకు?’ ఒక్కోసారి బయట ఎవరో అన్న మాట విని వచ్చి, ‘మన ఊరు ఇదేనా, మనం ఎక్కడినుంచో వచ్చామా?’ అని కూడా అడుగుతారు.

చూడటానికి ఇవి చిన్న ప్రశ్నలు. కాని వీటన్నింటి అడుగున ఉన్నది ఒకటే ప్రశ్న: ‘మనం ఎవరం?’ అయిదారేళ్ళ పసివాడు ఈ ప్రశ్న అడిగినప్పుడు ఆ తల్లిదండ్రులు చెప్పే జవాబే చాలాకాలం వాడి మనసులో నిలిచిపోతుంది. మరి మనం చెబుతున్న జవాబేమిటి?

ఎక్కువ ఇళ్ళలో వినిపించేవి మూడు జవాబులు. ‘పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే’ అన్నది మొదటిది. ‘మనం అలా చేయకూడదు, అంతే’ అన్నది రెండవది. ‘వాళ్ళు వేరు, మనం వేరు’ అన్నది మూడవది. మొదటి జవాబు విన్న బిడ్డ ఇంట్లో దొరకని సమాధానాన్ని వీధిలో వెతుక్కుంటాడు. ఈ రోజుల్లో ఆ వీధి అరచేతిలోని మొబైల్ ఫోనులోనే ఉంది. రెండవ జవాబు విన్న బిడ్డ భయపడి ఊరుకుంటాడే తప్ప అర్థం చేసుకోడు. మూడవ జవాబు విన్న బిడ్డ పక్కింటివారిని చిన్నచూపు చూడటమైనా నేర్చుకుంటాడు, లేదా తనను తాను పరాయివాడిగా భావించుకోవటమైనా మొదలుపెడతాడు. బడి గేటు దగ్గర నాన్నకు సలాం చెప్పటానికి సిగ్గుపడే పిల్లవాడు, తోటివాడి టిఫిను డబ్బా చూసి ముఖం చిట్లించే పిల్లవాడు – ఇద్దరి జబ్బూ ఒకటే. తమ సంస్కృతి ఏమిటో వారికి ఎవరూ విడమరచి చెప్పలేదు.

సంస్కృతి అంటే ఏమిటి?

ఈ మాటను పసివాళ్ళకు ఎలా చెప్పాలన్నది మన మొదటి చిక్కు. అయితే మాటలోనే మార్గం ఉంది. ‘సంస్కృతి’ అంటే చక్కగా తీర్చిదిద్దినది. ఉర్దూలో మనం ‘తహ్‌జీబ్’ అంటాం. అరబ్బీలో ఈ మాటకు మూలార్థం చెట్టు కొమ్మలను కత్తిరించి సాఫు చేయటం, మెరుగుపెట్టటం. తోటమాలి గులాబి మొక్క అనవసరపు రెమ్మలను తీసివేసి పూలు పూయిస్తాడు కదా! అలాగే మనుషులు కలిసి బతకటానికి తాతల నాటినుంచి దిద్దుకుంటూ వచ్చిన పద్ధతులే సంస్కృతి. ఎలా పలకరించుకుంటాం, ఏ భాష మాట్లాడతాం, ఏం వండుకుంటాం, ఏం కట్టుకుంటాం, పెళ్ళి ఎలా చేస్తాం, చనిపోయినవారిని ఎలా సాగనంపుతాం, ఏ కథలు చెప్పుకుంటాం – ఇవన్నీ అందులోకి వస్తాయి. ఈ ఉపమానం అయిదేళ్ళ బిడ్డకు కూడా అర్థమవుతుంది.

ధర్మం ఏది? అలవాటు ఏది?

ముస్లిం కుటుంబాలలో ఇక్కడొక జాగ్రత్త ఎంతైనా అవసరం. మనం చేసే ప్రతి పనినీ ‘ఇది ఇస్లాం’ అని పిల్లలకు చెప్పేస్తుంటాం. తరువాత ఆ బిడ్డ పెరిగి మరో ప్రాంతపు ముస్లింలు వేరే విధంగా చేయటం చూసినప్పుడు, ‘వాళ్ళు ముస్లింలు కారా?’ అనో, ‘అయితే ఇంట్లో చెప్పింది అబద్ధమా?’ అనో తికమకపడతాడు. అందుచేత మొదటినుంచే మూడు బుట్టలు వేరుచేసి చూపించటం మేలు.

మొదటి బుట్టలో విశ్వాసం, ఆరాధన ఉంటాయి. అల్లాహ్ ఒక్కడేనన్న నమ్మకం, నమాజు, రోజా, జకాత్, హలాల్–హరామ్ – ఇవి కర్నూలులోనైనా, కైరోలోనైనా ఒకటే. రెండవ బుట్టలో ప్రాంతపు సంస్కృతి ఉంటుంది. భాష, వంట, కట్టుబట్ట, పెళ్ళి వేడుకలు ఇందులోవి. ఊరు మారితే ఇవి మారతాయి. మూడవ బుట్టలో ఆ ఇంటి అలవాట్లు ఉంటాయి. శుక్రవారం నాడు నానీ చేసే పాయసం లాంటివన్నమాట.

రెండు ఉదాహరణలు చూద్దాం. మన ఇళ్ళలో బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజుల వయసు వచ్చినప్పుడు బిస్మిల్లా ఖ్వానీ జరిపే ఆచారం ఉంది. చదువు నేర్వటం ధర్మం చెప్పిన మాట. కాని ఆ నాలుగు–నాలుగు–నాలుగు లెక్క మన ఉపఖండపు సంస్కృతి. పక్కింట్లో అదే వయసు బిడ్డ చేత పలక మీద అక్షరాభ్యాసం చేయిస్తారు. విశ్వాసాలు వేరు. బిడ్డ చదువుకోవాలన్న కోరిక మాత్రం రెండిళ్ళలోనూ ఒకటే. ఇక, దక్కనులో మన ఆడపడుచులు పెళ్ళిలో వేసుకునే ‘కాలీపోత్’ నల్లపూసల గొలుసు అరబ్బు దేశాల పెళ్ళికూతురు వేసుకోదు. అది ఈ నేల మనకిచ్చిన సొమ్ము. బిడ్డకు ఈ సంగతి చెబితే ధర్మం పట్ల గౌరవమూ తగ్గదు, నల్లపూసల మీద ప్రేమా తగ్గదు.

ఈ బుట్టలు ఒకదానికొకటి తగలకుండా ఉండవన్నది నిజమే. దుస్తులలో హయా ఉండాలన్నది ధర్మం నేర్పిన మాట. అది చీర కొంగు రూపంలో ఉందా, సల్వారు దుపట్టా రూపంలో ఉందా అన్నది ఆ ప్రాంతపు నేత, కుట్టు నిర్ణయిస్తాయి. పెద్ద పిల్లలకు ఈ మాట కూడా చెప్పవచ్చు.

భాష: రెండు కళ్ళు

తెలుగునాట ముస్లిం ఇళ్ళన్నీ ఒకే తీరుగా లేవు. హైదరాబాద్, కర్నూలు, కడప వంటి చోట్ల చాలా ఇళ్ళలో వినిపించేది దక్కనీ ఉర్దూ. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలలో చాలావరకు తెలుగే తల్లిభాష. రెండూ సమానంగా మాట్లాడే ఇళ్ళు మరెన్నో. విచారకరమైన సంగతేమిటంటే ‘ఉర్దూ రానివాడు ముస్లిం ఎట్లా అవుతాడు?’ అనే ఎగతాళి మనలో మనకే ఉంది. తెలుగు ఇంటి బిడ్డ ఈ మాట విని ఎంత చిన్నబోతాడో ఆలోచించామా? ఉర్దూ ఈ ఉపఖండంలో పుట్టి పెరిగిన అందమైన భాష. కాని అదే ఇస్లాంకు కొలబద్ద కాదు. ప్రపంచ ముస్లింలలో అరబ్బీ తల్లిభాషగా ఉన్న అరబ్బులు సుమారు ఐదవ వంతే. ఇండోనేషియాలోని కోట్లాది ముస్లింలకు ఉర్దూ ముక్క రాదు. మానవుల భాషలలో, రంగులలో ఉన్న తేడాను దివ్య ఖుర్‌ఆన్ ‘రూమ్’ అధ్యాయంలో దైవ సూచనలలో ఒకటిగా పేర్కొన్నది. దేవుడు సూచనగా చూపినదాన్ని మనం ఎగతాళికి వాడుకోవటం తగునా?

భాషలు ఎలా కలిసిమెలిసి ఉంటాయో పిల్లలకు ఆటగా చూపించవచ్చు. బడిలో వాడే ‘కలం’ అరబ్బీ నుంచి వచ్చింది. ‘కాగితం’ పారశీకపు ‘కాగజ్’. ‘హాజరు’ వేసినప్పుడు, ప్రశ్నకు ‘జవాబు’ చెప్పినప్పుడు, ‘తారీఖు’ రాసినప్పుడు తెలుగు పిల్లలందరూ అరబ్బీ మాటలే వాడుతున్నారు. పొలం దున్నే ‘రైతు’ కూడా ‘రయ్యత్’ నుంచి వచ్చినవాడే. రాత్రి పడుకునే ముందు బిడ్డ చదివే ‘ఆయతుల్ కుర్సీ’లోని ‘కుర్సీ’, బడిలో టీచరు కూర్చునే ‘కుర్చీ’ ఒకటే మాట. ఇటు దక్కనీ ఉర్దూలో తెలుగు, మరాఠీ మాటలు కలిసిపోయాయి. ఉర్దూ కుడినుంచి ఎడమకు, తెలుగు ఎడమనుంచి కుడికి నడుస్తాయి. రెండూ రాసే బిడ్డ చేయి కాగితానికి రెండు అంచులూ ఎరుగుతుంది.

వరుసల పిలుపులు కూడా మంచి పాఠమే. ఉర్దూలో ‘నానీ’ అంటే అమ్మకు అమ్మ. తెలుగులో ‘నానమ్మ’ అంటే నాన్నకు అమ్మ. ఈ చిక్కుముడి విప్పి చెబితే పిల్లలు పడీపడీ నవ్వుతారు. అదే సమయంలో ఖాలా అంటే పిన్ని లేదా పెద్దమ్మ అనీ, ఫుప్పూ అంటే మేనత్త అనీ, మామూ అంటే రెండు భాషల్లోనూ మేనమామే అనీ తెలుసుకుంటారు. వరుస తెలిసిన బిడ్డకు మర్యాద దానంతటదే తెలుస్తుంది. అందరినీ ‘అంకుల్, ఆంటీ’ అన్న రెండు మాటలతో సరిపెట్టే అలవాటు వల్ల పోతున్నది ఇదే.

వంటింటి పాఠశాల

సంస్కృతిని రుచి చూపించి చెప్పగలిగిన చోటు వంటిల్లు. ఈద్ నాటి షీర్ ఖుర్మాలో ‘షీర్’ అంటే పాలు, ‘ఖుర్మా’ అంటే ఖర్జూరం. రెండూ పారశీక మాటలే. దాల్చాలో పడే చింతపండు మన పెరటిది. దాన్ని చూసిన అరబ్బులు ‘తమ్ర్ హింద్’, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషువారి ‘టామరిండ్’ అక్కడినుంచి వచ్చిందే. మనం కారం లేనిదే ముద్ద మింగం. కాని ఆ మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా అమెరికా ఖండం నుంచి వచ్చింది. అరబ్బుల హరీస్ హైదరాబాద్ చేరి, ఇక్కడి మసాలాలు కలుపుకుని హలీం అయింది. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ సంగతులు విన్న బిడ్డకు ఒక గొప్ప సత్యం బోధపడుతుంది. ‘మన వంట’ అనుకునేది ఎందరో కలిసి వండినది. మనం పరాయివాళ్ళమా అని అడిగే బిడ్డకు ఒక గిన్నె దాల్చా చెప్పే జవాబు ఏ ఉపన్యాసమూ చెప్పలేదు.

పండుగ నాడు పొరుగింటికి పంపే గిన్నె, అది ఖాళీగా తిరిగి రాకుండా వారు వేసి పంపే నాలుగు అరిసెలు – ఇదొక పాఠం. ఆ గిన్నెను పిల్లల చేతే పంపాలి. మనకు హలాల్ నియమం ఉన్నట్టే పొరుగువారిలో శాకాహారులకు వారి నియమం ఉంటుందని, అందుకే వారికి మాంసం కాకుండా సేమ్యా పంపుతున్నామని చెప్పాలి. తన నియమాన్ని పాటిస్తూ ఎదుటివారి నియమాన్ని మన్నించటం ఆ గిన్నె మోసిన చేతికి అలవడుతుంది.

చంద్రుని లెక్క

పండుగ తేదీల ప్రశ్నకు జవాబు చాలా తేలిక. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు. సూర్యుని ఏడాది కన్నా ఇది దాదాపు 11 రోజులు తక్కువ. కాబట్టి రంజాన్ ఏటా ఆ మేరకు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. చలికాలపు పొట్టి రోజా, ఎండాకాలపు పొడుగు రోజా – అన్నీ మనిషి జీవితంలో ఎదురవుతాయి. తెలుగువారి పంచాంగమూ చంద్రుణ్ణే నమ్ముకున్నది. కాకపోతే సుమారు 32, 33 నెలలకొకసారి అధికమాసం చేర్చుకుని ఋతువులతో సరిపెట్టుకుంటుంది. అందుకే ఉగాది ఎండాకాలపు గుమ్మంలోనే ఆగుతుంది, ఈద్ ఊరంతా తిరుగుతుంది. అమావాస్య దాటిన ఆ సన్నని నెలవంకే ఇద్దరి నెలకూ మొదలు. బిడ్డను మేడ మీదకు తీసుకువెళ్ళి నెలవంకను చూపించి ఈ మాట చెబితే జీవితాంతం మరువడు.

పని చేసిన చేతులు, పాడిన గొంతులు

మన పెద్దలు ఏం పనిచేసి బతికారో కూడా పిల్లలకు తెలియాలి. విల్లుతో దూదిని ఏకి పరుపులు కుట్టిన దూదేకులవారు, లాడ్ బజార్‌లో లక్కగాజులకు రాళ్ళు అద్దే పనివారు, దర్జీలు, అత్తరు అమ్మినవారు – వీరంతా సంస్కృతిని చేతులతో నిలబెట్టినవారే. తాత చేసిన పని చెప్పుకోవటానికి సిగ్గుపడే ఇంట్లో సంస్కృతి పాఠం సాగదు.

అలాగే కొన్ని పేర్లు. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఎంత ఆదరించాడంటే, వారు ఆయనను ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885–1945) తెలుగులో పద్యాలు, నాటకాలు రాసిన కవి, కేంద్ర శాసనసభ సభ్యుడు. పాత మెదక్ జిల్లా అందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) ఉర్దూ కవిగా, కార్మిక నాయకుడిగా నిలిచారు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన్న మౌలానా నాదస్వరంలో దేశం మెచ్చిన విద్వాంసులు. ఆయన 1999లో కన్నుమూశారు. దివ్య ఖుర్‌ఆన్‌ను మొట్టమొదట తెలుగులోకి తెచ్చినవారిలో చిలుకూరి నారాయణరావు ముస్లిమేతర పండితుడు. ‘మన ఊరు ఇదేనా?’ అన్న ప్రశ్నకు ఈ పేర్లే జవాబు. 1591లో కట్టిన చార్మినార్‌ను చూపించేటప్పుడు పై అంతస్తులో మసీదు ఉన్న సంగతి చెప్పండి. గోల్కొండ కోట ద్వారం దగ్గర చప్పట్లు కొట్టించి, ఆ శబ్దం కొండపైన ఎలా వినిపిస్తుందో చూపండి. చరిత్ర పసి చెవికి ఎక్కే తీరు అది.

అభిప్రాయభేదం వచ్చినప్పుడు

ముహర్రంలో పీర్లను ఎత్తే గ్రామాలు తెలంగాణలో, రాయలసీమలో ఎన్నో ఉన్నాయి. ముస్లిమేతరులూ పెద్ద సంఖ్యలో పాల్గొంటారు. నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగకు మతభేదం లేకుండా జనం వస్తారు. వీటిని మన ఉలమాలలో అనేకులు ఆమోదించరు. మన కుటుంబాలలోనే పాల్గొనేవారూ, దూరంగా ఉండేవారూ ఉన్నారు. బిడ్డ అడిగితే ఏం చెప్పాలి?

నిజమే చెప్పాలి. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ఇమామ్ హుసైన్ (రజి) అమరులైన ఘటనను ఊరివారు తమదైన రీతిలో తలచుకుంటారని చెప్పాలి. ‘మన ఇంట్లో మేము ఇలా చేస్తాం, లేదా చేయం, కారణం ఇది’ అని చెప్పాలి. దానితో పాటే ‘చేసేవారిని వెక్కిరించకూడదు’ అన్నది కూడా చెప్పాలి. మన నమ్మకం గట్టిదైతే ఇతరుల మీద కోపం అక్కరలేదు. పక్కింటి బొట్టు గురించిన ప్రశ్నకూ ఇదే పద్ధతి. ‘అది వారి పద్ధతి, వారికి అది ప్రియమైనది. మన పద్ధతి ఇది, మనకిది ప్రియమైనది’ అన్న రెండు వాక్యాలు చాలు. తెగలు, జాతులు ఏర్పడింది ఒకరినొకరు తెలుసుకోవటానికేనని ‘హుజురాత్’ అధ్యాయం చెబుతున్న భావమూ ఇదే. మన రాజ్యాంగం 29వ అధికరణంలో తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును ప్రజలకిచ్చింది. 51–ఎ అధికరణంలో ఈ దేశపు మిశ్రమ సంస్కృతిని గౌరవించి కాపాడవలసిన బాధ్యతను పౌరులందరి మీద పెట్టింది. ఒక చేత్తో హక్కు, ఇంకో చేత్తో బాధ్యత. మన బిడ్డకు రెండూ ఇవ్వాలి.

తీరిక లేదంటారా?

‘రోజంతా పనిలో నలిగి వచ్చినవారికి ఇవన్నీ చెప్పే తీరిక ఎక్కడిది?’ అని కొందరు సోదరులు అడగవచ్చు. నిజానికి ఇందుకు ప్రత్యేకంగా గంటలు కేటాయించనక్కరలేదు. మూడు నుంచి అయిదేళ్ళ బిడ్డకు చెప్పటం కన్నా చేయించటం ముఖ్యం. సలాం చెప్పించటం, గిన్నె మోయించటం, వరుసలతో పిలిపించటం చాలు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకు మాటల పుట్టుక, వంటల ప్రయాణం, నెలవంక కథ చెప్పవచ్చు. ఆపై వయసు వారికి ధర్మానికీ, సంస్కృతికీ ఉన్న తేడా విడమరచవచ్చు. అన్నం తినే పది నిమిషాలలో, మసీదుకు నడిచే దారిలో జరిగిపోయే పనులివి. ఇంట్లో దాదీ, నానీ ఉంటే ఆ పని వారికి అప్పగించండి. వారికి గౌరవం, బిడ్డకు భాష రెండూ దక్కుతాయి.

గల్ఫ్ దేశాలలో ఉన్న మన కుటుంబాలకైతే ఈ పాఠం ఇంకా దగ్గరగా ఉంది. అక్కడి అరబ్బు పిల్లవాడూ ముస్లిమే, మన బిడ్డా ముస్లిమే. నమాజులో భుజం భుజం కలిపి నిలబడతారు. కాని ఇంటికి వెళ్ళాక ఒకరు ఖబ్సా తింటారు, ఒకరు గోంగూర అన్నం తింటారు. ధర్మం ఒకటై సంస్కృతులు వేరై ఉండటాన్ని ఆ బిడ్డ కళ్ళతోనే చూడగలడు. గోంగూర తినే బిడ్డ ఏ విధంగానూ తక్కువ ముస్లిం కాడని తల్లిదండ్రులు ఒక్క మాట చెబితే చాలు.

‘ఇవన్నీ బడిలో చెబుతారు కదా’ అనుకోవటమూ పొరపాటే. బడి పుస్తకం చార్మినార్ తేదీ చెబుతుంది. నానీ కాలీపోత్ ఎవరిదో, తాత విల్లు అటకమీద ఎందుకుందో చెప్పదు. అది మన ఇంటి పాఠం, మనమే చెప్పాలి.

సోదర సోదరీమణులారా! తన సంస్కృతి తెలియని బిడ్డ రెండు విధాలుగా నష్టపోతాడు. ఒకటి, ఎవరైనా ‘నువ్వెవరు?’ అని అడిగితే తలవంచుకుంటాడు. లేదా ఎవరో ద్వేషంతో నూరిపోసిన జవాబును గట్టిగా వల్లిస్తాడు. తెలిసిన బిడ్డ మాత్రం ‘నేను ముస్లింను, ఈ ఊరివాణ్ణి, నా భాషలు ఇవి, మా తాత ఈ పని చేసేవాడు, రండి మా ఇంటికి’ అని స్థిమితంగా చెప్పగలడు. ఈ జుమా నమాజు నుంచి తిరిగి వచ్చాక బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని వాడి ప్రశ్న ఒక్కటి వినండి. ‘పెద్దయ్యాక తెలుస్తుందిలే’ అనకుండా జవాబు చెప్పండి. ఇన్షా అల్లాహ్, వచ్చే శుక్రవారానికి రెండవ ప్రశ్నతో వాడే మీ దగ్గరకు వస్తాడు.